ఫిట్స్ ఆపే మందే, మానితే ఫిట్స్ తెస్తుంది

ఫిట్స్ వచ్చిన మనిషి గుప్పిట్లో తాళాల గుత్తి పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. నిజానికి అతణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ కుక్కకూడదు. గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే ప్రాణం మీదికి వచ్చినట్టే. అప్పుడు ఆసుపత్రిలో నరానికి ఎక్కించే మందుల్లో డైజీపామ్ ఒకటి. నరం దొరకని పసిపిల్లలకు మలద్వారం గుండా ఇస్తారు. మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనానికి ఇది బలమిస్తుంది. అలా కాపాడిన ప్రాణాలకు లెక్క లేదు.

1963లో రోష్ కంపెనీ దీన్ని వేలియం పేరుతో అమ్మకానికి తెచ్చింది. చిక్కల్లా రోజూ వాడటంతోనే. కొన్ని వారాల్లోనే మెదడు దానికి అలవాటుపడుతుంది. ఉన్నట్టుండి మానేస్తే నిద్ర పట్టదు, ఒళ్లు వణుకుతుంది, భ్రమలు కలుగుతాయి. ఏనాడూ మూర్ఛ లేనివాళ్లకు కూడా ఫిట్స్ రావచ్చు. 2020 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ డైజీపామ్ కుటుంబంలోని మందులన్నిటి మీదా ఈ హెచ్చరిక ముద్రించమంది.

తెలంగాణ పల్లెలకు ఈ సంగతి అంతకుముందే అనుభవం. చెట్టు కల్లు చాలని చోట నీళ్లలో డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్ముతున్నారు. తాగేవాడు కల్లనుకుంటాడు, ఒంటికి అలవాటయ్యేది మాత్ర. దుకాణం మూతపడిన రెండుమూడు రోజులకు అతని చూపు మారుతుంది. గాల్లో దారమేదో ఏరుతున్నట్టు వేళ్లు కదుపుతాడు, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టడు. 2020 లాక్‌డౌన్ మొదట్లో మద్యం, కల్లు దొరకనివాళ్లు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బారులు తీరారు.

కల్తీపై దాడులు చేయాల్సిందే. కానీ దుకాణానికి తాళం వేసి వెళ్లిపోతే ఆ తాగే మనిషికి శిక్ష వేసినట్టవుతుంది. అతనికి వైద్యం ఉంది: ఇదే కుటుంబానికి చెందిన మందును కొలిచి ఇచ్చి, వారాల తరబడి మెల్లగా తగ్గించడం.

ఫిట్స్ కోసం ఏళ్లుగా ఈ కుటుంబంలోనివే అయిన క్లోబజామ్, క్లోనజిపామ్ వాడేవాళ్లకూ అదే జాగ్రత్త కావాలి. బాగైపోయిందని సొంతంగా మానేయకూడదు. ఈ మందులు మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. ముసలివాళ్లు మత్తులో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు. మందుల అమ్మకం నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 ప్రకారం 2014 నుంచి డైజీపామ్, అల్ప్రాజోలం అమ్మిన ప్రతిసారీ మందుల షాపు రిజిస్టరులో డాక్టరు పేరు, రోగి పేరు రాయాలి. ఆ పుస్తకాన్ని మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా అమ్మితే అక్కడ రాయడానికి పేరే ఉండదు. కల్లు కుండలోకి వెళ్లే సరుకు జాడ అక్కడే తెగిపోతుంది. తనిఖీ అధికారి ఆ రిజిస్టరు తెరిచి చూడాలి. ఎక్సైజ్ వాళ్లు దుకాణం మూసిన రోజే ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కబురు అందాలి.