జేబులో పిస్తోలు

టెక్సాస్‌లో గ్యాస్ స్టేషన్ నడిపే మా బావగారికి గ్రీన్‌కార్డు రాగానే పిస్తోలు మీద మనసు పడింది. ఉద్యోగ వీసా మీదున్నన్నాళ్లూ కొనడానికి దాదాపు వీల్లేదు. పైగా 2021 నుంచి అక్కడ అర్హులైన పెద్దలకి వెంట ఉంచుకోవడానికి లైసెన్సూ అక్కర్లేదు. అర్ధరాత్రిదాకా గల్లా దగ్గర ఒక్కరే ఉంటారు మరి!

'ప్యాంటు జేబులో పడితే చాలు' అంటూ నన్నూ షాపుకి తీసుకెళ్లారు. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ చూపించారు. తూటాలు లేకుండా దాదాపు 270 గ్రాములే. బావగారు మురిసిపోయారు. షాపు పెద్దాయన మాత్రం 'ముందు పేల్చి చూడండి' అన్నాడు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. పిస్తోలు ఎంత తేలికైతే చేతికి అంత దెబ్బ. పిడి పొట్టి కావడంతో చిటికెనవేలికి చోటే లేదు. ఏడు గజాల దూరంలోని అట్టబొమ్మకే సగం తూటాలు తగల్లేదు! కాస్త పెద్దదైతే గురి కుదురుతుంది, కానీ జేబు ఉబ్బుతుంది.

పెద్దాయన ఇంకా చెప్పాడు. ట్రిగ్గర్‌ని కప్పే ఒర లేకుండా జేబులో వేయకూడదు. ఆ జేబులో తాళాలూ చిల్లరా ఉండకూడదు. ఇంటికెళ్లగానే పెట్టెలో పెట్టి తాళం వేయాలి. చివర్లో అడిగాడు... 'ఇంట్లో పిల్లలున్నారా?'

బావగారు మాట్లాడలేదు. ఆయనకి నాలుగేళ్ల కూతురు. నాన్న గుమ్మంలో అడుగుపెట్టగానే చాక్లెట్ కోసం జేబులో చెయ్యి పెడుతుంది.

ఆ వారమే గల్లా ముందు బుల్లెట్‌ప్రూఫ్ అద్దం బిగించారు. జేబులో ఇప్పటికీ చాక్లెట్లే!