రాజుగారి తోట, మా వేపచెట్టు



పోయిన నెల బెంగుళూరులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మర్నాడు పొద్దున్నే లాల్‌బాగ్ తీసుకెళ్లింది. చెట్ల నీడన కూర్చున్నానే గానీ నా మనసంతా తలుపులలోని మా ఇంటి మీదే! మా అత్తగారు పెరట్లో పెట్టిన వేపచెట్టు కొట్టించి, అక్కడ అద్దెకు ఒక గది వేద్దామని మావారూ, అబ్బాయీ పట్టుబట్టి ఉన్నారు మరి.

లాల్‌బాగ్ మొదట్లో రాజుగారి సొంత తోట. 1760లో హైదర్ ఆలీ నలభై ఎకరాల్లో మొదలుపెట్టాడు. మన మడకశిర అవతలి శిరాలో మొగలు సుబేదారు వేయించిన తోట చూసి ఆయనకు ముచ్చటేసిందట. కొడుకు టిప్పు సుల్తాను దేశదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. 1799లో టిప్పు పోయాడు, రాజ్యం చేతులు మారింది. తోట మాత్రం నిలిచింది. 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర తోట అయింది. గాజుటింటికి 1889లో విక్టోరియా రాణి మనవడు పునాదిరాయి వేశాడు. ఇప్పుడు ఏటా జనవరిలో, ఆగస్టులో అక్కడే పూల ప్రదర్శన. నలభై ఎకరాలు కాస్తా 240 ఎకరాలయింది. ఒకప్పుడు రాజుగారిది, ఇప్పుడు మనలాంటివాళ్లం కాళ్లు చాపుకుని కూర్చునే చోటు!

ఆ తోట మన వంటింట్లోకీ వచ్చిందండీ. సీమ వంకాయ అంటామే, బెంగుళూరు వంకాయ, అది పుట్టింది మెక్సికో వైపు. 1874లో లాల్‌బాగ్ పెత్తనానికి వచ్చిన జాన్ కామెరాన్ దొర దాన్ని ఇక్కడ అలవాటు చేశాడని చెబుతారు.

2025లో సొరంగ రోడ్డు కోసం ఈ తోటలో కొంత స్థలం తీసుకుంటారనేసరికి ఊళ్లోవాళ్లు ఊరుకోలేదు, కూడి వచ్చి వద్దన్నారు. మా అమ్మాయి ఆ సంగతి చెబుతుంటే నాకు సిగ్గేసింది. తమది కాని చెట్టు కోసం వాళ్లు నోరు విప్పారు. మా పెరటి చెట్టు కోసం నేను ఒక్క మాటైనా అన్నానా?

ఇంటికొచ్చిన రాత్రే చెప్పేశాను. "గది మిద్దె మీద వేసుకోండి. చెట్టు జోలికి పోవద్దు." "మిద్దె మీదైతే మెట్లకు ఖర్చెక్కువవుతుందే" అన్నారు మావారు. "నా చీటీ డబ్బులు ఇస్తాను" అన్నాను. గొలుసు కోసం రెండేళ్లు కట్టిన చీటీ అది. ఆయన ఇంకా ఔననలేదు, కాదనలేదు. చెట్టయితే ఉంది.

అన్నట్టు, సీమ వంకాయ తొక్కు పారేయకండి. లేతకాయ తొక్కు కొంచెం నూనెలో మగ్గనిచ్చి, వేయించిన వేరుశనగ విత్తనాలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా నూరండి. వేడి సంగటిలోకి బాగుంటుంది.

మీ పెరట్లో అత్తగారో, అమ్మగారో పెట్టిన చెట్టు ఉందా? ఉంటే, ఎవరైనా గొడ్డలి పట్టుకొచ్చేలోపే మీ మాట చెప్పేయండి.