సోనార్ ఒక్కటే చాలదు, చదివేవాళ్లు కావాలి

ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు,



2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ బోటు అక్టోబరు 22న గానీ పైకి రాలేదు. ధ్వనితో నీటి అడుగున వెతికే సోనార్ అప్పుడూ వచ్చింది, బయటి బృందాలతో. చివరికి లంగర్లు, ఇనుప తాళ్లతో లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం. వాళ్ల పనితనానికి దండం పెట్టాల్సిందే.

అయినా సోనార్ ఎందుకంటే, బురద కలిసిన వరద నీటిలో కెమెరాకు చెయ్యి చాచినంత దూరం కూడా కనబడదు. ధ్వనికి ఆ బురద పెద్ద అడ్డు కాదు. ముక్కాలి స్టాండుకు బిగించిన స్కానింగ్ సోనార్‌ను నది అడుగున నిలబెడితే, దాని తల మెల్లగా తిరుగుతూ ప్రతిధ్వనులతో తెర మీద బొమ్మ గీస్తుంది. అందులో మెరిసే మచ్చకన్నా దాని వెనక పడే నల్లటి నీడే ఎక్కువ చెబుతుంది. బండరాయికీ, మునిగిన మానుకీ, మనిషికీ నీడ వేరు. నీడ పొడవును బట్టి ఎత్తు లెక్కకట్టొచ్చు. కొత్తవాళ్లకు మాత్రం ప్రతి దుంగా శవంలాగే కనిపిస్తుంది! అనుమానమున్న చోటికి దిగిన ఈతగాడూ తెర మీదే కనిపిస్తాడు కాబట్టి, ‘ఇంకో రెండు గజాలు ఎడమకి’ అని పైనుంచి దారి చెప్పొచ్చు. ఉరవడి మరీ ఎక్కువైతే స్టాండు కదిలి బొమ్మ చెదురుతుంది, అదీ నిజమే.

అందుకే రాజమహేంద్రవరంలో ఒక సోనార్, దాన్ని చదవగల మనుషులు ఏడాది పొడవునా ఉండాలి. నెలకోసారి పాత నాటుపడవనో, ఇసుక నింపిన బొమ్మనో ముంచి వెతికించండి. ఆ సాధనకు జాలర్లనూ పిలవండి. ఏ సుడి దేన్ని ఎటు లాగుతుందో వాళ్లకే తెలుసు. కొనుగోలు ఫైలులో శిక్షణ ఖర్చు మొదటే రాయండి.

ఇట్లు,
గోదావరి గట్టు మీది ఒక పౌరుడు