పెరిగిన బిడ్డకు పాత నఫఖా

కోర్టు ఒకసారి నిర్ణయించిన పిల్లల భరణాన్ని పెంచమని మళ్లీ అడగవచ్చునా, అలా అడగడం అత్యాశ కిందికి రాదా అని ఇటీవల కొందరు సోదరీమణులు మమ్మల్ని ప్రశ్నించారు. ఆ ప్రశ్న వెనుక ఉన్నది చట్టం గురించిన సందేహం కన్నా బంధువుల నోళ్ల భయమే ఎక్కువ. “ఇచ్చేది ఇస్తున్నాడు కదా, మళ్లీ కోర్టు మెట్లెందుకు?” అన్న మాట పుట్టింటి నుండి కూడా వస్తున్నదట. కనుక ఆ సొమ్ము ఎవరిదో ముందుగా తేల్చుకుందాం.

బిడ్డ నఫఖా బిడ్డ హక్కు. తల్లి దానిని అందుకొని బిడ్డ కోసం ఖర్చు చేసే అమానతుదారు. బఖరా సూరాలో పాలు త్రాగే పసిబిడ్డ ప్రస్తావన వచ్చినచోట, ఆ బిడ్డను సాకే తల్లి తిండి, బట్టల బాధ్యత తండ్రిపై పెట్టబడింది. తలాఖ్ సూరాలో కలిగినవాడు తన కలిమిని బట్టి, ఇరుకులో ఉన్నవాడు తనకు లభించిన దానిని బట్టి ఖర్చు చేయాలన్న ఆదేశం ఉంది. ఈ రెండవ ఆదేశాన్ని కాస్త నిదానించి చూడాలి. మనిషి కలిమి ఏటేటా మారుతుంది. దానితో ముడిపడిన నఫఖా మాత్రం మారకుండా ఎలా ఉంటుంది?

మన మదర్సాలలో బోధించే ‘హిదాయా’లో ఈ మస్‌అలా స్పష్టంగానే ఉంది. భర్త ఇబ్బందిలో ఉన్నప్పుడు ఖాజీ తక్కువ నఫఖా నిర్ణయించాడు. తరువాత అతని స్థితి మెరుగుపడింది. భార్య తిరిగి ఫిర్యాదు చేస్తే, ఖాజీ ఆ మొత్తాన్ని కలిగినవాడి స్థాయికి పెంచి పూర్తి చేస్తాడు. అక్కడ చర్చ భార్య నఫఖా గురించే అయినా, స్థితిగతులను బట్టి ఖర్చు మారుతుందన్న కారణం పిల్లలకూ వర్తిస్తుంది. హజ్రత్ హింద్ (రజి) తన భర్త తనకూ బిడ్డలకూ చాలినంత ఇవ్వడం లేదని దైవప్రవక్త (స) సన్నిధిలో విన్నవించుకున్నప్పుడు, ఆమెను అత్యాశాపరురాలని ఎవరూ అనలేదు. ధర్మసమ్మతంగా తనకూ బిడ్డలకూ చాలినంత తీసుకోవడానికి ఆమెకు అనుమతి లభించింది. ‘చాలినంత’ అన్నదే అక్కడ కొలత. అయిదేళ్ల పిల్లవాడికి చాలిన రెండు వేల రూపాయలు, వాడు ఇంటర్మీడియట్‌లో చేరేనాటికి బస్సు ఛార్జీలకూ పుస్తకాలకూ సరిపోవు.

ఖులా సమయంలో “పిల్లల ఖర్చు నాదే” అని రాసిచ్చిన తల్లులు కూడా మన మధ్య ఉన్నారు. అప్పటికి బయటపడితే చాలునన్న ఆరాటంలో అలా రాసి ఉంటారు. ఆ తల్లి చేతిలో ఏమీ లేనినాడు బిడ్డను పస్తు పెట్టమని ఫిఖ్హ్ చెప్పలేదు. తండ్రి చేత ఇప్పించాలనే చెప్పింది. ఈ సంగతి జమాఅతు పెద్దలకు తెలిసి ఉంటే ఆ కాగితం రాయించేటప్పుడే మరొక మాట చెప్పి ఉండేవారు.

“అయితే ఖాజీ దగ్గరికే వెళ్లవచ్చు కదా, ప్రభుత్వ కోర్టు ఎందుకు?” అని మరికొందరు అడుగుతారు. రాజీ కుదిర్చే పెద్దమనిషి దొరికితే తప్పక వెళ్లవలసిందే. కానీ మన దేశంలో నియమితులయ్యే ఖాజీలకు 1880 నాటి ఖాజీల చట్టం న్యాయాధికారం ఇవ్వలేదు. ఇవ్వనన్న తండ్రి చేత ఇప్పించే శక్తి వారికి లేదు. ఆ శక్తి ఉన్నచోటికి వెళ్లడం షరీఅత్‌ను కాదనడమని మేము భావించము.

చట్టం విషయానికి వద్దాం. భార్యాబిడ్డల భరణానికి ఆధారమైన పాత 125వ సెక్షన్, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. పెంచడానికీ తగ్గించడానికీ వీలిచ్చే పాత 127వ సెక్షన్ ఇప్పుడు 146. పరిస్థితులు మారాయని రుజువు చేయగలిగితే కోర్టు పాత మొత్తాన్ని సవరిస్తుంది. ఈ తలుపు తండ్రికీ తెరిచే ఉంటుంది. ఉద్యోగం పోయినవాడు, మంచాన పడినవాడు తగ్గించమని అడగవచ్చు. అదీ న్యాయమే.

ముస్లిం పిల్లల విషయంలో 1997 నాటి నూర్ సబా ఖాతూన్ కేసును ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవాలి. బీహార్‌కు చెందిన ముగ్గురు పిల్లలకు కింది కోర్టు తలా 150 రూపాయలు నిర్ణయించింది. తండ్రి తలాఖ్ ఇచ్చి, 1986 నాటి ముస్లిం మహిళల చట్టాన్ని చూపి ఆ ఆర్డరును మార్చమన్నాడు. బిడ్డకు రెండేళ్లు నిండేవరకే తన బాధ్యత అన్నది అతని వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మేజరయ్యేవరకు లేదా తమను తాము పోషించుకోగలిగేవరకు, ఏది ముందైతే అంతవరకు పిల్లలకు హక్కు ఉన్నదనీ, ఆడపిల్లలకు వివాహమయ్యేవరకు ఉన్నదనీ తీర్పు చెప్పింది. ఆ 150 రూపాయలు ఈనాటి పాఠకులకు వింతగా తోచవచ్చు. నెలకు 500కు మించరాదన్న పరిమితి ఆనాడు చట్టంలోనే ఉండేది. 2001లో దానిని తొలగించారు. పాత కాలపు అంకెలు విని “మన వాళ్లకు అంతే వస్తుంది” అని నిరాశపడనవసరం లేదు.

ఇక దరఖాస్తు. “ధరలు పెరిగాయి” అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే కుదరదు. ఆర్డరు వచ్చిన నాడు ఖర్చు ఎంత, ఈనాడు ఎంత అన్నది కాగితాలతో చూపాలి. బడి, కళాశాల ఫీజు రసీదులు, వైద్యుని చీటీలు, మందుల బిల్లులు, ఇంటి అద్దె పత్రం, పాత ఆర్డరు నకలు దగ్గర పెట్టుకోవాలి. తండ్రి సంపాదన పెరిగిందనడానికి తెలిసిన ఆధారాలన్నీ చెప్పాలి: జీతం, దుకాణం, అద్దెలు, కొన్న స్థలం, గల్ఫ్ నుండి ఇంటికి వచ్చే డబ్బు. 2020 నవంబరులో రజనీశ్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇరుపక్షాలూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయ వ్యయాలను అఫిడవిట్‌లో వెల్లడించాలి. పిల్లల చదువు ఖర్చును సాధారణంగా తండ్రే భరించాలనీ, తల్లికి తగిన సంపాదన ఉంటే ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చనీ ఆ తీర్పులో ఉంది.

అఫిడవిట్ అంటే ప్రమాణం. నికాహ్ మాటల్లో అబ్బాయి సంపాదన గురించి విన్న అంకెలూ, కోర్టు కాగితంపై అదే అబ్బాయి రాసిన అంకెలూ ఒకే మనిషివని నమ్మడం ఒక్కొక్కసారి మాకు కష్టమవుతుంది. వలీమా నాడు ఊరంతటికీ బిర్యానీ పెట్టినవాడు బిడ్డ ఫీజు నాటికి ఫకీరు అవుతాడు. అలాగని తల్లులు తమ కుట్టుపని సంపాదననో ట్యూషన్ల రాబడినో దాచడమూ తగదు. అల్లాహ్ ముందు ఇద్దరి లెక్కా ఒకటే. పైగా దాచిన చిన్న మొత్తం బయటపడితే న్యాయమైన పెద్ద కోరిక కూడా అనుమానంలో పడుతుంది.

“నాకు రెండవ సంసారం ఉంది” అన్న సాకు చాలామంది తండ్రుల నోట వింటున్నాము. కోర్టు ఆ బాధ్యతను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. తీసుకోవాలి కూడా, ఎందుకంటే ఆ పిల్లలదీ హక్కే. కానీ తరువాత వచ్చిన హక్కు ముందున్న హక్కును చెరిపివేయదు.

వకీలు ఫీజుకు భయపడేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఆలస్యం గురించి ఒక మాట. అడగకుండా గడిచిపోయిన సంవత్సరాలకు పెంపు వెనక్కి తిరిగి రాదు. అబ్బాయికి పదహారేళ్లు నిండాక మేల్కొంటే మిగిలేది రెండేళ్లే. పాత ఆర్డరు ప్రకారం రావలసిన బకాయి సంగతి దీనికి వేరు. దానికి ప్రత్యేకంగా దరఖాస్తు ఇవ్వాలి. కోర్టు వారంటు జారీ చేస్తుంది, అప్పటికీ చెల్లించనివానిని జైలుకు పంపవచ్చు. అయితే ఒక నెల సొమ్ము బకాయిపడిన తేదీ నుండి ఏడాదిలోగా ఆ దరఖాస్తు చేరాలి. పెంపు కేసు నడుస్తున్నదని పాత మొత్తం తీసుకోవడం మానవద్దు. వచ్చిన ప్రతి నెలనూ, రాని ప్రతి నెలనూ ఒక పుస్తకంలో తేదీతో రాసుకొని, బకాయిల్లో అన్నింటికన్నా పాతదానికి ఏడాది నిండకముందే వకీలుకు చూపండి.