ఆవేదనకు ఆధారం తోడు కావాలి

ఇటీవల న్యాయశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థి ముస్లిం రిజర్వేషన్లపై తాను రాసిన పరిశోధన వ్యాసాన్ని మాకు చూపించాడు. ఇరవై పుటలు. ఆవేదన నిజమైనది, భాష చక్కనిది. అయితే అధోజ్ఞాపికలన్నీ పత్రికా వార్తలే. ‘హైకోర్టు తీర్పు చదివావా బేటా?’ అని అడిగాము. ‘సారాంశం చదివాను చాచా’ అన్నాడు.

ఇది ఒక్క విద్యార్థి లోపం కాదు. మన సమాజపు అలవాటు. దానికి చెల్లించిన మూల్యమూ తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్ న్యాయస్థానంలో నిలువలేదు. 2005 నాటి చట్టమూ నిలువలేదు. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం కల్పించిన 2007 చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 5–2 ఆధిక్యంతో కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది ఆ తీర్పులోని ముఖ్య ఆక్షేపణలలో ఒకటి. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే ఆ రిజర్వేషన్ కొనసాగుతూ వచ్చింది. మన పిల్లల సీట్లకు ఆసరా ఒక మధ్యంతర ఉత్తర్వు మాత్రమేనన్న మాట.

మన పేదరికం మనకు తెలుసు. తెలిసినంత మాత్రాన రుజువైనట్లు కాదు. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన మాకు అనుభవం నేర్పినది ఒక్కటే: కాగితం మీద లేనిది కార్యాలయంలో లేనట్లే.

కనుక న్యాయ విద్యార్థులకు మా మనవి. ‘ముస్లింల హక్కులు’ వంటి విశాల శీర్షిక వద్దు, ఒక్క ప్రశ్న చాలు. వెనుకబాటు నిర్ధారణకు ఎటువంటి సర్వేను న్యాయస్థానం అంగీకరిస్తుంది? ఇది ఒక వ్యాసానికి సరిపడే ప్రశ్న. తీర్పును మొదటినుంచి చివరిదాకా చదవండి. విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాన్ని విడిచిపెట్టకండి. 1992 నాటి ఇంద్రా సహానీ తీర్పునూ, 2006 నాటి సచార్ నివేదికనూ మూలంలోనే చూడండి. దొరకని లెక్కలను సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఎదుటి పక్షపు వాదనను దాని పూర్తి బలంతో రాసి, ఆ తరువాత జవాబు చెప్పండి. ప్రతి ఆధారానికీ పేరా సంఖ్య ఇవ్వండి.

పెద్దలకూ ఒక మాట. సభలకు షామియానాలు వేయించే మన సంఘాలు ఒక విద్యార్థి జిరాక్సు ఖర్చును, ప్రయాణ ఖర్చును భరించలేవా?

ఆ విద్యార్థి తన ఇరవై పుటలను మా వద్దనే ఉంచి, తీర్పు ప్రతిని తీసుకుని వెళ్ళాడు. వ్యాసం ఆలస్యమైనా ఫరవాలేదు. రేపు ఒక న్యాయవాది చేతికి అందినప్పుడు అది నిలబడాలి.