విప్పి చూసే చేతిని ఆపకండి

సీల్ విప్పితే వారంటీ పోతుంది, బోర్డు కాలిపోతుంది, కంపెనీ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే వాడుకో. కంప్యూటర్నో ఫోన్నో విప్పి తమకు కావలసిన మార్పు చేసుకోబోయే పిల్లలకు ఇంట్లోనూ కాలేజీలోనూ వినిపించే మాట ఇదే. చదువుకున్నవాళ్లు దీనికి ఇంకోటి చేరుస్తారు: అదంతా కాలక్షేపం, అసలైన ఇంజినీరింగ్ వేరే ఉంది అని. రెండు మాటలూ తప్పే. ఎంత తప్పో సూరత్‌లోని వరాఛాకి వెళ్లి చూస్తే తెలుస్తుంది.

వరాఛా అంటే అందరికీ వజ్రాలే గుర్తొస్తాయి. సౌరాష్ట్ర నుంచి వలస వచ్చినవాళ్లు సానపట్టే కార్ఖానాలు, మినీ బజార్‌లో పొట్లాలు విప్పి బేరాలాడే దళారులు. అదే పేటలో అంతగా పేరుకెక్కనివి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ యంత్రాలు. చీర మీద పువ్వు ఎక్కడ కుట్టాలో వాటికి చెప్పేది ఒక డిజైన్ ఫైలు. ఈ రకం యంత్రాల్లో పాత తరానివి ఆ ఫైలును ఫ్లాపీ నుంచి చదివేవి. సోనీ ఆ ఫ్లాపీల అమ్మకాన్ని జపాన్‌లో 2011లో ఆపేసింది. సూదులు బాగానే ఉంటాయి, మోటార్లు బాగానే తిరుగుతాయి, ఫైలు లోపలికి వెళ్లే దారి మాత్రం మూసుకుపోతుంది. విప్పకూడదనే నీతి ప్రకారం అలాంటి యంత్రం పాత ఇనుముకి పోవాలి.

పోనక్కర్లేదు. ఫ్లాపీ డ్రైవ్ ఊడదీసి, ఆ ఖాళీలోనే ఎమ్యులేటర్ అనే చిన్న పెట్టె బిగించి, పాత కేబుల్‌నే దానికి తగిలిస్తారు. పెన్‌డ్రైవ్ పెడితే యంత్రం దాన్ని ఫ్లాపీలాగే చదువుకుంటుంది. చైనాలో తయారయ్యే గోటెక్ పెట్టె ఇలాంటిదే. దాని కథ ఇక్కడితో ఆగలేదు. 1980ల నాటి అమీగా, అటారీ కంప్యూటర్లను ప్రాణంగా చూసుకునే అభిరుచిపరులు ఆ పెట్టెను కూడా విప్పారు. లోపలున్న ఫర్మ్‌వేర్‌ను, అంటే పెట్టెను నడిపే ప్రోగ్రామ్‌ను, తుడిచేసి తమది ఎక్కించారు. కీర్ ఫ్రేజర్ రాసిన ఫ్లాష్‌ఫ్లాపీ వాటిలో బాగా తెలిసినది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, సోర్సు చదవచ్చు, మార్చుకోవచ్చు. ఫైలు పేరు చూపించే చిన్న తెరనూ, ఫైళ్లు ఎంచుకోవడానికి తిప్పే గుండీనీ సోల్డరింగ్ చేసి కలుపుకోవచ్చు. పాత ఆటలు మళ్లీ ఆడుకోవాలన్న ముచ్చటతో మొదలైన పని, సంగీత వాద్యాలకూ పాత యంత్రాలకూ పనికొచ్చే పనిముట్టయింది. మొదటి రోజే ఆ ముచ్చటను ‘దీనివల్ల లాభమేంటి?’ అని నిలదీసి ఉంటే అక్కడే ఆగిపోయేది. అందుకే ఆ ప్రశ్నంటే నాకు కోపం.

మన దగ్గర ఇంతకంటే పెద్ద ఉదాహరణే ఉంది. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, తన తల్లి లక్ష్మి ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చింతకింది మల్లేశం చూశారు. బడి చదువు మధ్యలోనే ఆగిన మనిషి. దొరికిన భాగాలు బిగించి, విప్పి, మళ్లీ బిగించి ఏళ్లు గడిపారు. చుట్టుపక్కలవాళ్లు పిచ్చి అన్నారు. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ వచ్చాక పొగడటం ఎవరికైనా చేతనవుతుంది. మధ్యలో గడిచిన ఆ ఏళ్లలో, ఫలితం చేతికి రాని రోజుల్లో, ఆ మనిషికి మనం ఇచ్చిన గౌరవం ఎంత? ఇవాళ గదిలో పాత ల్యాప్‌టాప్ విప్పుకు కూర్చున్న అమ్మాయికి ఇస్తున్నది ఎంత?

మార్పులంటే దొంగతనమే అనేవాళ్లున్నారు. సూరత్‌లో ఆ మాటకు బలం ఉంది కూడా. వజ్రాలను స్కాన్ చేసే యంత్రాల సాఫ్ట్‌వేర్ విషయంలో ఇజ్రాయెల్ కంపెనీ సరీన్ అక్కడ కాపీరైట్ వ్యాజ్యాలు నడిపింది. ఒకరి ప్రోగ్రామ్‌ను కాపీ చేసి అమ్ముకోవడాన్ని నేనూ సమర్థించను. కానీ డబ్బు పోసి కొన్న యంత్రాన్ని తెరిచి, అది పనిచేసే తీరు గ్రహించి, తన అవసరానికి మలుచుకోవడం వేరే పని. మన కాపీరైట్ చట్టమే ఆ తేడా గుర్తించింది. చట్టబద్ధంగా చేతిలో ఉన్న ప్రోగ్రామ్‌ను పరిశీలించి, పరీక్షించి, దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవడాన్ని సెక్షన్ 52 అనుమతిస్తుంది. 2012లో చేర్చిన సెక్షన్ 65ఎ డిజిటల్ తాళాలు విరగ్గొట్టడాన్ని శిక్షిస్తుంది, అదీ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉంటేనే. విప్పడమే నేరమన్నది చట్టంలో లేని భయం.

ప్రమాదం సంగతి మాత్రం నిజం. పవర్ సప్లైలోని కెపాసిటర్ ప్లగ్ తీసేశాక కూడా షాక్ కొడుతుంది, లిథియం బ్యాటరీని గుచ్చితే మండుతుంది. అందుకే పక్కన నిలబడి నేర్పేవాళ్లు కావాలి. వద్దని కసురుకుంటే పిల్లలు మానేయరు, తలుపేసుకుని చేస్తారు.

నేర్పేవాళ్లతోపాటు హక్కూ కావాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. అందుకు ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. వరాఛాకు అన్నం పెట్టే ఎంబ్రాయిడరీ యంత్రం, సూరత్‌లో మన తెలంగాణ పద్మశాలీలు నడిపే మరమగ్గం ఆ నాలుగింటిలో లేవు. వాటినీ చేర్చాలి. యంత్రంతోపాటే దాని సర్క్యూట్ పటం కొన్నవాడి చేతికి రావాలి. మరమ్మతుతో ఆగకుండా, మార్చుకునే హక్కును కూడా పేరుపెట్టి రాయాలి.