తలకు పౌండున్నరా?

పోయిన నవంబరులో మా ఇంట్లో థాంక్స్‌గివింగ్ భోజనానికి 18 మంది వచ్చారు. బల్ల మధ్యన పెట్టిన టర్కీ 12 పౌండ్లది. నాకు వదిన వరసయ్యే ఆవిడ దాన్ని అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూసి, అందరూ వినేట్టుగా అడిగింది: "ఏమ్మా, ఇది కోడి కదూ? టర్కీ ఇంకా ఓవెన్‌లో ఉందా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికొచ్చినవాళ్ల ముందు ఇంకేం చేస్తాను. ఆ తరవాత చేతులు కడుక్కునే దగ్గర నిలబెట్టి పాఠం చెప్పింది. తలకు పౌండున్నరట. 18 తలలకు 27 పౌండ్లట. అంతది దొరక్కపోతే కనీసం 22 పౌండ్లది కొనాలట. "పిసినారి అనుకుంటారు వదినా, ఇన్నేళ్లుగా ఈ దేశంలో ఉన్నావు, ఆమాత్రం తెలీదా?" అంది.

తెలుసు. ఈ లెక్క ప్రతి నవంబరులోనూ వినిపిస్తుంది. సూపర్‌మార్కెట్ గోడ మీద, ఆఫీసు కాఫీ గదిలో, మన వాట్సాప్ గ్రూపుల్లో, ఏకాదశి ఎప్పుడో చెప్పినంత భక్తిగా చెబుతారు. ఎవరూ అడగరు, ఆ అరపౌండు ఎక్కడిది అని. అమెరికా వ్యవసాయ శాఖవాళ్లు సైతం తలకు పౌండు చాలంటారు. మిగతా అర మిగలడానికి! మర్నాడు శాండ్‌విచ్‌లు చేసుకోవడానికి! మిగలాలనే వండడం ఏ ఊరి సంసారం?

పోనీ లెక్క ప్రకారమే వెళ్దాం. పచ్చి టర్కీలో ఎముకలూ నీళ్లూ పోగా తినే మాంసం సుమారు సగం. 27 పౌండ్లకు 13 పౌండ్ల పైచిలుకు, అంటే ఆరు కిలోలు. తలకు 300 గ్రాములు దాటిన వండిన మాంసం. ఇది ఒక్క టర్కీ సంగతే. మన ఇళ్లల్లో దాని పక్కన అల్యూమినియం ట్రేలో మటన్ బిర్యానీ ఉంటుంది, ఇంకో ట్రేలో గుత్తివంకాయ, ఒకరు చేపల పులుసు తెస్తారు, ఒకరు పులిహోర తెస్తారు, పెరుగన్నం లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదనే పెద్దాయన ఒకరుంటారు. ఇంత పెట్టుకుని తలకు 300 గ్రాముల టర్కీ ఎవరి కడుపులోకి పోవాలి?

అసలు తలలు ఎవరివో చూడండి. మా ఇంటికి వచ్చిన 18లో ఐదుగురు పిల్లలు. వాళ్లు మాకరోనీ తప్ప ఇంకోటి ముట్టలేదు. ముగ్గురు ఇండియా నుంచి వచ్చిన అమ్మలు, నాన్నలు, పుట్టు శాకాహారులు. ఇద్దరిది కార్తీకమాసం నియమం. ముగ్గురు సాయిబాబా భక్తులు, గురువారం నీచు ముట్టరు. థాంక్స్‌గివింగ్ ఎప్పుడొస్తుంది? గురువారం. ప్రతి ఏడూ గురువారమే. 1863లో లింకన్ నవంబరు ఆఖరి గురువారం అన్నాడు, 1939లో రూజ్‌వెల్ట్ దాన్ని ఒక వారం ముందుకు జరిపి తిట్లు తిన్నాడు, చివరికి 1941లో నాలుగో గురువారం అని చట్టమే చేశారు. వారం మారదు. పైగా 2023లోనూ 2024లోనూ పండగ సరిగ్గా కార్తీకంలోనే పడింది. ఈ దేశంలో సగం తెలుగువాళ్లు ఒక్క పొద్దుండే రోజున పెద్ద పక్షిని కొనమని సాటి తెలుగువాళ్లే సలహా ఇవ్వడం నాకు అర్థం కాదు. ఇవన్నీ పోగా మిగిలింది ఐదుగురు. అందులో ఒకాయనకు మాంసం తగ్గించమని డాక్టరు చెప్పాడు. పాఠం చెప్పిన మా వదిన ఒక చిన్న ముక్క తుంచుకుని, "బావుంది, ఉప్పు తక్కువైంది" అని బిర్యానీ వైపు వెళ్లిపోయింది.

మా చిన్నప్పుడు పెళ్లికి వంట కుదిర్చేటప్పుడు వంటాయన ఎన్ని తలలు అని అడిగేవాడు కాదు. ఎన్ని విస్తళ్లు లేస్తాయి అనేవాడు. ఆ తరవాత, ఏ ఊరివాళ్లు, ముహూర్తం ఏ వేళకు, ఆడపిల్లవారా మగపిల్లవారా, పిల్లాజెల్లా ఎంతమంది అని ఆరా తీసేవాడు. అర్ధరాత్రి ముహూర్తమైతే వంకాయలు తగ్గించేవాడు. చేతిలో కాగితం ఉండేది కాదు, క్యాలిక్యులేటర్ ఉండేది కాదు. తినేవాళ్లను లెక్కపెట్టాలి గానీ తలల్ని కాదని ఆయనకు తెలుసు. తలల్ని లెక్కపెట్టేది జనాభా లెక్కలవాళ్లు.

అయితే మా వదినకు కావాల్సింది తిండి లెక్క కాదని నాకు అప్పుడే తెలుసు. ఆవిడకు కావాల్సింది ఫొటో. బల్ల నిండా పరుచుకున్న బంగారు రంగు పక్షి, వెనకాల వరసగా నవ్వుతూ మనం, ఎడం చివర కొత్త గ్రానైట్ గట్టు కొంచెం కనబడేట్టు. ఈ ఫొటోకి మూలం ఒక బొమ్మ. నార్మన్ రాక్‌వెల్ గీశాడు, 1943 మార్చి 6న శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో వచ్చింది. ఒక ముసలమ్మ ఇంత లావు టర్కీని పళ్లెంలో పెట్టి బల్ల మీదికి దించుతూ ఉంటుంది, పక్కన ముసలాయన, చుట్టూ నవ్వు మొహాలు. లేమి నుంచి విముక్తి అని దాని పేరు. అప్పుడు యుద్ధం నడుస్తోంది. అదే నెలాఖరున అమెరికాలో గొడ్డుమాంసానికీ పందిమాంసానికీ రేషను మొదలైంది. అంటే అది ఇళ్లలో ఉన్న బల్ల కాదు, ఉంటే బాగుండునని కలగన్న బల్ల. ఆ కలను పట్టుకుని ఇన్నేళ్ల తరవాత టెక్సాస్‌లో మా వదిన నా 12 పౌండ్ల పక్షిని కోడి అంటుంది!

ఇంతకీ ఆ బొమ్మ రావడానికి కొన్నేళ్ల ముందు మామూలు అమెరికా ఇల్లాలు ఏం అడిగిందో తెలుసా? చిన్న టర్కీ కావాలని అడిగింది. కుటుంబాలు చిన్నవయ్యాయి, మా ఓవెన్‌లు చిన్నవి, ఐసు పెట్టెలు చిన్నవి, ఇంత పక్షి ఎక్కడ పెట్టుకోవాలి అంది. ప్రభుత్వం విన్నది కూడా. వాషింగ్టన్ పక్కన మేరీలాండ్‌లో బెల్ట్స్‌విల్ అనే ఊళ్లో వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడివాళ్లు 1934లో పని మొదలుపెట్టి, రకరకాల జాతుల్ని కలిపి, 1941 నాటికి ఒక పొట్టి తెల్ల టర్కీని తయారు చేశారు. బెల్ట్స్‌విల్ స్మాల్ వైట్. ఎనిమిది నుంచి పదిహేను పౌండ్ల లోపు, కండ బాగా, ఈక పీకితే నల్ల మచ్చ లేకుండా. పదిహేనేళ్ల పాటు బాగా ఆడింది. తరవాత హోటళ్లవాళ్లకూ మాంసం కోసి అమ్మే కంపెనీలకూ పెద్ద పక్షిలో లాభం కనబడింది. వెడల్పు రొమ్ము తెల్ల రకం వచ్చి దీన్ని తొక్కేసింది. 1970ల నాటికి బెల్ట్స్‌విల్ పక్షి దాదాపు కనబడకుండా పోయింది. ఇప్పుడు అంగట్లో దొరికేది దాదాపు అంతా ఆ రొమ్ము లావు రకమే. ఆ రొమ్ము ఎంత లావంటే అది సహజంగా జతకట్టలేదు, ప్రతి గుడ్డుకూ మనిషి చెయ్యి పడాల్సిందే. ఆడవాళ్లు నోరు తెరిచి అడిగి సాధించుకున్న ఒక సైజును వ్యాపారం లాగేసుకుంది. దాన్ని ఇప్పుడు పరువు అంటున్నాం.

సంప్రదాయం అంటారా? మొదటి థాంక్స్‌గివింగ్ అని చెప్పుకునే, 1621లో ప్లిమత్‌లో జరిగిన విందు గురించి అక్కడే ఉన్న ఎడ్వర్డ్ విన్‌స్లో ఉత్తరం రాశాడు. అక్కడి స్థానిక తెగ నాయకుడు మస్ససోయిట్ తన వాళ్లను 90 మందిని వెంటబెట్టుకుని వచ్చాడు, ఐదు జింకల్ని కొట్టి తెచ్చారు, మూడు రోజులు తిన్నారు. పక్షుల వేటకు మనుషుల్ని పంపామన్నాడు గానీ ఏ పక్షో చెప్పలేదు. తలకు పౌండున్నర వేసి తూచినట్టు ఎక్కడా లేదు.

టర్కీ అంటే గుర్తొచ్చింది. 1612లో గోవా నుంచి తన కొలువులోని ముకర్రబ్ ఖాన్ ఒక టర్కీ పుంజును తెచ్చి ఇస్తే జహంగీరు చక్రవర్తి మురిసిపోయాడు. తలా మెడా రంగులు మారుస్తోందని తన ఆత్మకథలో రాసుకున్నాడు, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. చూడ్డానికి బావుండే పక్షిని చూసి ఊరుకున్నాడు. మనం కూడా కొనేది చూసుకోవడానికే, కాకపోతే చంపి, ఐదు గంటలు కాల్చి.

ఐదు గంటలు ఊరికే అనలేదు. 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో 20 నుంచి 24 పౌండ్ల పక్షి కాలడానికి నాలుగున్నర నుంచి ఐదు గంటలు పడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు పౌండ్లదైతే మూడు గంటల్లో దిగుతుంది. పెద్ద పక్షిలో తొడ సందున 165 డిగ్రీలు వచ్చేసరికి రొమ్ము పీచు పీచై కొబ్బరి డొక్కలా అవుతుంది. దాన్ని మింగడానికే గ్రేవీ. ఇంకో తమాషా, దానికి మనవాళ్లు అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా, కారం పట్టించి రాత్రంతా ఉంచుతారు. అంత లావు కండలోకి మసాలా ఎక్కడ దిగుతుంది? పైన మంట, లోపల చప్పిడి. మాంసాన్ని ముక్కలు కొట్టుకుని వండడం వెయ్యేళ్లుగా తెలిసిన జాతి, ముక్క కొట్టకుండా వండాలని ఎందుకు పంతం పడుతుందో.

అసలు బాధ అంతకు ముందే మొదలవుతుంది. గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో కరగాలంటే ప్రతి నాలుగైదు పౌండ్లకు ఒక రోజు. 22 పౌండ్లదైతే ఐదు రోజులు. గురువారం పండగకు శనివారమే ఫ్రిజ్‌లోకి దించాలి. దించి చూడండి. ఒక అర మొత్తం పోయింది. పెరుగు గిన్నె ఎక్కడ? ఇడ్లీ పిండి ఎక్కడ? ఒక ఏడు మొహమాటపడి పెద్ద పక్షిని కొన్నాం, మావారు పాల క్యాన్లు గరాజ్‌లో పెట్టారు. బుధవారం రాత్రి చూస్తే పక్షి కడుపులో ఇంకా మంచు గడ్డే. పొద్దున మూడింటికి లేచి బాత్‌టబ్బులో చల్లనీళ్లు పోసి దాన్ని పడుకోబెట్టాను. పౌండుకు అరగంట చొప్పున, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ. మా అత్తగారు లేచి స్నానానికి వెళ్లి చూసి, "శివ శివా" అని వెనక్కి వచ్చేశారు. కార్తీకమాసం.

పెద్ద పక్షిలో ఎముకకు మాంసం ఎక్కువ పడుతుంది కదా అని కొందరు తెలివిగా అంటారు. పడుతుంది. అయితే? తినని మాంసం ఎక్కువ పడితే ఏం ఉద్ధరింపు?

ఎముకలతో సూపు కాచుకోవచ్చంటారు. ఎన్నిసార్లు కాచారో చెప్పమనండి. వండిన టర్కీ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకంటే ఉండకూడదు. శుక్రవారం టర్కీ పులావు, శనివారం టర్కీ వేపుడు, ఆదివారం టర్కీ కూరతో చపాతీ. సోమవారం పిల్లలు బడి నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచి మూసేస్తారు. మంగళవారం చెత్త బండి వస్తుంది.

ఫలానా మొత్తం సరుకులు కొంటే టర్కీ ఉచితం అని అంగళ్లవాళ్లు ఎర వేస్తారు. ఉచితమైనా కరగడానికి ఐదు రోజులే పడుతుంది. నీళ్లు, కరెంటు, భూమి వేడెక్కడం, ఇవన్నీ కూడా ఉన్నాయి గానీ వాటి గురించి మా అబ్బాయి మాట్లాడతాడు, నాకు ఫ్రిజ్ చాలు.

మరి ఏం చెయ్యమంటావు అంటే, తినేవాళ్లను అడగమంటాను. రొమ్ము ఒక్కటే విడిగా దొరుకుతుంది, అది తెచ్చుకోవచ్చు. మరీ ఎక్కువమంది అయితే చిన్నవి రెండు. లేకపోతే కోడి. మిగతాది ఎవరికి తోచినట్టు వాళ్లు చూసుకుంటారు, నేనేమీ టర్కీ శాస్త్రం రాయడంలేదు.

ఈ ఏడు నేను అలాగే చేద్దామనుకుని, అక్టోబరులోనే గ్రూపులో పెట్టాను: "టర్కీ తినేవాళ్లు మాత్రం చెప్పండి." ముగ్గురు చెప్పారు. పదకొండు మంది దణ్ణం బొమ్మ పెట్టారు, అంటే ఏమిటో నాకు తెలీదు. సాయంత్రం వదిన ఫోన్ చేసింది. ఈసారి భోజనం వాళ్లింట్లోనట. 24 పౌండ్లది చెప్పేసిందట. "నువ్వేం శ్రమ పడకు వదినా, గోంగూర పప్పు చేసి తీసుకురా, అందరూ దానికోసమే చూస్తారు" అంది.

"ఎంతమందికి?" అన్నాను.

"పప్పుకి లెక్కేమిటి? అందాజుగా పడెయ్" అంది.